నిజాంపట్నం రేవులో మా అత్త పోసిన రాశి

మా ఊరు పెదనందిపాడు పక్కన. అక్కడ మిరప, పత్తి తప్ప వేరే లోకం లేదు. సముద్రం మాకు బండి మీద రెండు గంటల దూరం కూడా ఉండదు. అయినా మా అత్తకి అరవై ఏళ్ళు వచ్చేదాకా సముద్రం చూడటం పడలేదు.

ఎప్పుడడిగినా ఒకటే మాట. "కాయలెత్తనీవే అమ్మాయ్, పోదాం." కాయలెత్తాక గేదె ఈనుతుంది. అది తేరుకునేలోపు పొలం దున్నే రోజులొస్తాయి. సముద్రం ఎక్కడికీ పోదు కదా అని ప్రతి ఏడాదీ దాన్నే వెనక్కి నెట్టేవాళ్ళం.

ఈ ఏడు కోత తొందరగా అయిపోయింది. కళ్ళం ఖాళీ. మా బావ శ్రీనుకి మినీ వ్యాను ఉంది. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి నాకు ఆయన బావ, ఆవిడ అత్త. నిజాంపట్నంలో పచ్చళ్ళు పెట్టే వాళ్ళెవరికో కారం మూటలు దించి, సాయంత్రం అక్కణ్ణించి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని గుంటూరు పోవాలని బావ చెప్పాడు. మధ్యలో రోజంతా ఖాళీయే.

"నేనూ వస్తన్నా" అంది అత్త.

"క్యాబిన్లో ఇద్దరికే చోటమ్మా."

"అమ్మాయి నా ఒళ్ళో కూచుంటదిలే."

నేను అత్త ఒళ్ళో పట్టే మనిషినేం కాదు. అయినా ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఎదురింటి సుబ్బులు పిన్ని గోడ మీంచి, "వదినా, తిరిగొచ్చి దాని రంగేందో నాకు చెప్పాలి. మా టీవీలో నీలంగా ఉంటది, నిజమో అబద్ధమో" అని ఎగతాళి చేసింది. "రేపు ఈపాటికి చెప్తా ఉండు" అంది అత్త. అంటే చూడకుండా తిరిగి రావడానికి ఇంక దారి లేదన్నమాట. మామయ్య మాత్రం గేదెల్ని చూసుకుంటానని ఉండిపోయాడు.

పొన్నూరు దాటాక

తెల్లారకముందే బయల్దేరాం. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలు పక్కకి జరపాలి. పొన్నూరు దాకా మాకు తెలిసిన లోకమే: నల్లరేగడి, పీకి పడేసిన పత్తికట్టె, ఇంకా ఎత్తని కళ్ళాల్లో ఎర్రటి కాయలు. పొన్నూరు దాటాక నేల రంగు మారింది. కాలవలు, వంతెనలు, కొబ్బరిచెట్లు. నీళ్ళు ఇంత దండిగా పారుతుంటే అత్తకి కడుపుమంట. "చూడవే, ఈళ్ళకి మోటారు కరెంటు ఎప్పుడొచ్చిద్దా అని రాత్రంతా మేలుకునే పనే లేదు."

చెరుకుపల్లిలో టిఫినుకి ఆగాం. పెసరట్టు ముప్పై రూపాయలు. మా వైపు కన్నా ఎక్కువే గానీ అట్టు విస్తరాకంత ఉంది. చిక్కల్లా అల్లం చట్నీ దగ్గరొచ్చింది. అత్త ఒక్కసారి నాకి మొహం చిట్లించింది.

"ఏమయ్యా, చట్నీలో బెల్లం కుమ్మరించావేంది?"

హోటలాయన నవ్వాడు. "మావైపు అంతేనండి. మీదే ఊరు?"

"పెదనందిపాడు."

"అనుకున్నాలెండి" అని, అడక్కుండానే కారప్పొడి గిన్నె తెచ్చి పెట్టాడు. అందులో కొంచెం వేలితో నాకి, "రంగుంది, ఘాటు లేదు" అని తీర్పు చెప్పి, తన కొంగు ముడి విప్పి మా ఇంటి కారం చల్లుకుంది అత్త. హోటలాయన చిటికెడు అడిగి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మేం డబ్బులిచ్చి వచ్చేసేటప్పటికి కూడా ఆయన మంచినీళ్ళ జగ్గు వదల్లేదు.

అక్కణ్ణించి అంతా చెరువులే. రొయ్యల చెరువులు. నీళ్ళలో చక్రాలు తిరుగుతూ తెల్లగా నురగ చిమ్ముతుంటాయి. చెరువు వచ్చిన ప్రతిసారీ అత్త నా భుజం పొడిచి, "ఇదేనా?" అనేది. "కాదమ్మా, సముద్రానికి గట్టుండదు" అని బావ విసుక్కున్నాడు. ఆ తర్వాత గాలి వాసన మారింది. ఉప్పూ, డీజిలూ, చేపలూ కలిసిన వాసన. అత్త పైట సర్దుకుని, జుట్టు చేత్తో అదుముకుని నిటారుగా కూచుంది. పెళ్ళివారిల్లు వచ్చేసినట్టు.

సముద్రం లేని రేవు

మేమేమో రేవు అంటే ఎదురుగా సముద్రం ఉంటుందనుకున్నాం. మీరూ అలాగే అనుకుంటుంటే ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఉండదు. ఉండేది ఒక పెద్ద కాలవ. దాని గట్టు పొడుగునా రంగురంగుల బోట్లు ఒకదానికొకటి ఆనుకుని, సంతలో ఎద్దుల్లాగా నిలబడి ఉంటాయి. అవతలి ఒడ్డున మడచెట్లు. సముద్రం ఆ చెట్లకి ఎక్కడో అవతల. ఈ కాలవ వెళ్ళి సముద్రంలో కలిసేచోటుని మొగ అంటారట. అక్కడికి పోవాలంటే బోటు మీదే పోవాలి. లేదా రోడ్డు మీద చుట్టూ తిరిగి వేరే ఊరికి వెళ్ళాలి. మా వ్యానేమో ఐసు ఫ్యాక్టరీ ముందు వరసలో ఇరుక్కుపోయింది. సాయంత్రం దాకా కదలదు.

"ఇంత దూరం వచ్చి కాలవ చూసి పోతానా?" అంది అత్త. ఆ మాటన్న తీరు చూసి బావ చల్లగా వ్యాను వైపు జారుకున్నాడు.

అక్కడ మాత్రం సందడే సందడి. బోట్లనించి గంపలు దిగుతున్నాయి. సిమెంటు గచ్చు మీద కుప్పలు పోస్తున్నారు. చందువలు వెండి పళ్ళేల్లా మెరుస్తున్నాయి. వంజరం ఒక్కొక్కటీ నా చెయ్యంత ఉంది. మా మామయ్య మిరప యార్డు సంగతులు చెప్పేటప్పుడు, పాతరోజుల్లో తువాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళు నొక్కి బేరం చేసేవాళ్ళంటాడు. ఎవరి ధర ఎవరికీ తెలియకూడదు. ఇక్కడేమో అంతా తిరగబడి ఉంది. వేలం పాటగాడు కుప్ప ముందు నిలబడి గొంతు చించుకుంటున్నాడు. కొనేవాళ్ళు అంతకంటే గట్టిగా అరుస్తున్నారు. కొట్టుకుంటారేమో అని నేను వెనక్కి తగ్గితే, మరుక్షణం అందరూ కలిసి టీ తాగుతున్నారు. ఒకాయన ఐదువందలకి కిలో వంజరం ఇస్తానన్నాడు నాకు. ఎందుకైనా మంచిదని రెండొందలకి అడిగాను. "ఇదిగో అమ్మాయ్, ఆ ధరకి వాసన చూసి పో" అన్నాడు.

ఈలోపు అత్త ఒక్కతే బోట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆకుపచ్చ బోటు మీద ఒకాయన ఇంజను దగ్గర వంగి, మోచేతుల దాకా గ్రీజుతో ఉన్నాడు.

"బాబూ, మీరు సముద్రానికి పోతారా?"

"పోతాం గానీ పెద్దమ్మా, ఏం కావాలి?"

"నన్నూ తీసుకుపో. మొగ దాకా చాలు."

ఆయన లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. నవ్వలేదు గానీ నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసిపోతోంది. "ఆడాళ్ళు వేట బోటు ఎక్కకూడదు పెద్దమ్మా. మా తాతలనాటి నించీ అంతే. మా ఇంటిదే ఎక్కదు."

"ఎక్కితే ఏమవుద్ది?"

"ఏమవుద్దో ఎక్కి చూసినోళ్ళు లేరు" అని మళ్ళీ ఇంజను మీదకి వంగాడు.

అత్త వెనక్కి తిరిగి గట్టు వెంట నడిచింది. మా అత్త మాట లేకుండా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

మబ్బు పట్టింది

గట్టు వెంట కొంచెం దూరం పోతే ఎండుచేపలు ఆరబోసే ఇసక నేల. అది చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అది అచ్చం మా కళ్ళమే! రంగొకటే తేడా. పాత వలలు పరిచి, ఒకదాని మీద నెత్తళ్ళు, ఇంకోదాని మీద రొయ్యపొట్టు పల్చగా నెరిపి ఉన్నాయి. పక్కన కప్పే పట్టా, నాలుగు ఇటుకలు, చేట కూడా ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు.

అప్పుడే గాలి తిరిగింది. పైకి చూస్తే నల్లటి మబ్బు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మిరప పండించే ఇంట్లో మబ్బు కనిపిస్తే ఎవరూ ఎవరినీ పిలవరు, ఎవరి కాయలని అడగరు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే, పరుగెత్తి ఎవరి కళ్ళం దగ్గరుంటే వాళ్ళది రాశి పోసి పట్టా కప్పేస్తారు. కాయకి చినుకు తగిలిందంటే ఏడాది కష్టం పోయినట్టే.

అత్త చెప్పులు విడిచేసింది. కొంగు బిగించింది. "అమ్మాయ్, ఆ చివర్నించి తోసుకురా!" అంది. నేను ఎందుకని కూడా అనుకోలేదు. చేతులతో, కాళ్ళతో, చేటతో, రెండు వలల మీదివీ మధ్యకి తోసి ఒకటే రాశి పోశాం. పట్టా కప్పాం. నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. ఆయాసంతో రాశి పక్కన కూలబడి, ఎవరో మహాతల్లి పంట కాపాడామని ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకుంటున్నాం.

"ఓరి నాయనో! ఎవురే నా చేపల్ని కుప్పేసింది?"

చేతిలో టీ గ్లాసుతో యాభై ఏళ్ళావిడ పరుగెత్తుకొస్తోంది. పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం ఆవిడ సాక్షాత్తూ పోలేరమ్మలాగే ఉంది. పట్టా ఒక్క లాగు లాగింది. రెండు రకాలూ కలిసిపోయిన రాశి చూసి తల బాదుకుంది.

"వాన పడిద్దని..." అంది అత్త.

"అది దాటుమబ్బు! ఇట్టాంటివి రోజుకి మూడు పోతయ్. పచ్చి ఆరని చేపని మూసిపెట్టి ఆవిరి పట్టిస్తారా ఎవరన్నా?"

"మేం కోసిన కాయల్ని రెండ్రోజులు కుప్పేసే ఉంచుతాం. రంగొచ్చిద్ది."

"నీ కాయకి రంగొచ్చిద్దేమో, నా చేపకి పురుగొచ్చిద్ది!"

సరిగ్గా అప్పుడు చినుకులు పడ్డాయి. లెక్కపెడితే నా చేతి మీద నాలుగు, అత్త ముక్కు మీద ఒకటి. అంతే, మబ్బు మడచెట్ల మీదుగా వెళ్ళిపోయింది. ఎండ కాసింది. అత్త చినుకు పడిన ముక్కుని వేలితో పోలమ్మకి చూపించింది. "పడింది గదా మరి?"

పోలమ్మ కళ్ళు ఇసక అంచున విడిచిన మా చెప్పుల మీద పడ్డాయి.

"చెప్పులెందుకు విప్పారు?"

"కళ్ళంలోకి చెప్పులతో ఎట్టా వస్తాం?" అంది అత్త, అదేం ప్రశ్న అన్నట్టు.

పోలమ్మ గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, "సరే. ఇప్పుడు రెండూ ఏరండి" అంది. గొంతులో కోపం సగమే మిగిలింది.

ఏరడం

ఏరడం మాకు కొత్తా? ఎర్రకాయలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరుతూనే నేను ఆరో తరగతి నించి పదో తరగతి దాకా పాఠాలు బట్టీ పట్టాను. ముగ్గురం రాశి చుట్టూ కూచున్నాం. అత్త చేటలో వేసుకుని ఒక పక్కకి వంచి చెరుగుతుంటే బరువైన నెత్తళ్ళు ఇటు, తేలికైన రొయ్యపొట్టు అటు. మిగిలింది నేనూ పోలమ్మా వేళ్ళతో. కొంచెంసేపటికి పోలమ్మ చేతులాపి అత్త చేతులకేసి చూసింది.

"వదినా, మా ఇంటికొస్తావా పనికి?"

"కాయల కూలీ ఎంతిస్తావో చెప్పు ముందు."

"పులుసన్నం పెడతా."

"అయితే ఇప్పుడే పెట్టు, ఆకలేస్తంది."

అలా వదినామరదళ్ళు అయిపోయారు. ఏరినవి మళ్ళీ వలల మీద పల్చగా నెరిపాం. ఈసారి పోలమ్మ చెప్పినట్టు, ఒకదాని మీద ఒకటి పడకుండా.

పోలమ్మ ఇల్లు ఆ నేల పక్కనే. పచ్చి నెత్తళ్ళతో మామిడికాయ పులుసు పెట్టింది. ఆ రుచి నేను రాయలేను. మామిడికాయ ముక్క చేప రసం పీల్చుకుని, చేపేమో పులుపు పీల్చుకుని, నోట్లో వేసుకుంటే ముల్లు కూడా తెలియలేదు. మా ఇంట్లో చేపలంటే చెరువు చేపలే, మసాలా దట్టించి వండుతాం. ఇక్కడ మసాలా లేదు. అత్త రెండు ముద్దలు తిని కొంగుముడి మీద చెయ్యి వేసింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. పోలమ్మ చూడనే చూసింది.

"ఏందది?"

"మా కారం" అంది అత్త తప్పుచేసినట్టు.

"పెట్టు చూద్దాం."

పులుసులో కలుపుకుని తింది. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. "చంపేశావు వదినా" అంటూనే చెయ్యి మళ్ళీ చాపింది.

అప్పుడు గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. చూస్తే ఆకుపచ్చ బోటాయన! పోలమ్మ మొగుడేనట. పేరు కోటయ్య. ఆ బోటుకి ఆయనే సరంగు, అంటే బోటు నడిపే మనిషి. అత్తని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పెద్దమ్మా, బోటెక్కనివ్వలేదని ఇంట్లోకొచ్చి కూచున్నావా?"

జరిగిందంతా పోలమ్మ చెప్పింది. కళ్ళమూ, రాశీ, ఇటుకలూ, ముక్కు మీద చినుకూ. కోటయ్య గోడకి ఆనుకుని నవ్వీ నవ్వీ కింద కూచున్నాడు. "చేపల్ని ముగ్గబెట్టారా? మామిడికాయల్లాగా?" అంటాడు, మళ్ళీ మొదలు.

అత్త మాత్రం నవ్వలేదు. "నువ్వు చూశావా మరదలా, లోపలికెళ్ళి?" అని పోలమ్మనడిగింది.

"దేన్ని?"

"సముద్రాన్ని."

పోలమ్మ కంచంలో ముల్లు పక్కకి తీసింది. "నేనా? ఈయన్ని చేసుకుని ముప్పై ఏళ్ళు. బోటుకి పసుపు రాసేది నేను, కొబ్బరికాయ కొట్టేది నేను. ఎక్కేది వాళ్ళు. బీచి ఒడ్డున నిలబడి చూశాగానీ, లోపలికెళ్ళి ఎక్కడ చూస్తా?"

మేమంటే మెట్ట పొలాల వాళ్ళం. సముద్రం తెచ్చిన చేపల్తో రోజూ చేతులు తడిసే ఈవిడకి కూడా అదే కథా?

కళ్ళం లెక్క

కోటయ్య అన్నం తింటూ మాటల్లో చెప్పాడు. బోటు కింద నీళ్ళలో తిరిగే పంకా కొత్తది వేయించాడట. మధ్యాహ్నం నీళ్ళు పోటు మీదున్నప్పుడు మొగ దాకా తోలి చూసుకుని రావాలి. వలలు బాగుచేయడానికి ఇంట్లోనే పడి ఉన్నాయి.

అత్త చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా మఠం వేసుకుని కూచుంది. నాకు తెలుసు, ఇలా కూచుందంటే మిరప బ్రోకర్లు కూడా లేచి పోతారు.

"అబ్బాయ్, ఇప్పుడు బోటులో వల ఉందా?"

"లేదు."

"వేటకి పోతన్నావా?"

"లేదు పెద్దమ్మా, ఊరికే తోలి..."

"మా కళ్ళంలోకి చెప్పులతో అడుగు పెట్టనియ్యం. దేవుడి గదితో సమానం. కాయ ఎత్తేసి అమ్ముకున్నాక ఏంజేస్తాం? అదే నేల మీద ట్రాక్టరు తోల్తాం, గేదెల్ని కడతాం. కాయ ఉన్నన్నాళ్ళే అది కళ్ళం. లేనప్పుడు ఉట్టి నేల. వల ఉన్నప్పుడే గదా అది వేట బోటు?"

కోటయ్య చేతిలో ముద్ద అలాగే ఉంది. ఒకసారి గోడ పక్కన కుప్పగా పడి ఉన్న వలకేసి చూశాడు. ఒకసారి పెళ్ళాంకేసి. సాయమేమైనా వస్తుందేమోనని.

"నేనూ వస్తా" అంది పోలమ్మ.

అన్నది ఆవిడే అయినా అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది కూడా ఆవిడే.

"ఏందే?"

"వల ఇంట్లో ఉంది గదయ్యా. నేను బోటులో ఉంటా."

కోటయ్య ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. నెత్తళ్ళ పులుసులో అంతసేపు నమలడానికి ఏముంటుంది చెప్పండి? చివరికి మంచినీళ్ళు తాగి, "లైఫు జాకెట్లు వేసుకోవాలి" అన్నాడు.

మొగ

చీర మీద నారింజ రంగు జాకెట్టు వేసుకున్న మా అత్తని మీరు చూడాల్సింది. బోటు ముందు చెప్పులు విడిచి, అంచుని తాకి కళ్ళకద్దుకుంది. పోలమ్మ మాత్రం బోటుకి వేసిన పలక మీద ఒక కాలు పెట్టి ఆగింది. బోటు మీద పనిచేసే ఇద్దరు కళాసీలు చేతులందిస్తున్నా పట్టుకోలేదు. కోటయ్య ఇంజను దగ్గర్నించి లేచొచ్చి చెయ్యి చాపాడు. అప్పుడెక్కింది.

గట్టు మీద చేపలు సర్దుతున్న ఆడవాళ్ళు పనులాపి నోళ్ళు నొక్కుకున్నారు. ఒకావిడ, "పోలమ్మక్కా, యాడికే?" అని అరిచింది.

"మొగుడితో షికారుకే!" అని ఈవిడ తిరిగి అరిచింది. గట్టంతా గొల్లుమంది.

కాలవ ఒంపులు తిరుగుతూ పోయింది. మడచెట్ల వేళ్ళు నీళ్ళలోకి దిగి, గాజుల చేతుల్లా ఉన్నాయి. తెల్లకొంగలు. మొదట బురద రంగు నీళ్ళు. ఒంపులన్నీ అయ్యాక చెట్లు రెండు పక్కలా వెనక్కి జరిగాయి. కాలవ తిన్నగా, వెడల్పుగా అయింది. బోటు ముక్కు పైకి లేచి దబ్బున కింద పడింది. నా కడుపులో పులుసన్నమూ, పొద్దుటి పెసరట్టూ కూడా లేచాయి. అంచు పట్టుకుని వంగి మొత్తం సముద్రానికి సమర్పించుకున్నాను. వీపు రాస్తూ అత్త, "ఆ చట్నీలో బెల్లం పోతే పోయిందిలే" అంది. కళాసీలు నన్ను చూసి నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది.

తలెత్తి చూస్తే, ఇక ఎదురుగా ఏమీ లేదు. అదే సముద్రం. చెట్టు లేదు, స్తంభం లేదు, గట్టు లేదు. కోటయ్య ఇంజను వేగం తగ్గించాడు.

అత్త జాకెట్టు మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది. గాలికి జుట్టంతా రేగిపోయింది. చాలాసేపు అలా చూసి చూసి, "దీనికి రంగు లేదే అమ్మాయ్" అంది. "ఒకసారి నల్లంగుంది, ఒకసారి పచ్చంగుంది. సుబ్బులుకి ఏం చెప్పాలి?" ఆ మాట అంటూ పెద్దగా నవ్వింది. చిన్నపిల్లలా నవ్వింది. అరవై ఏళ్ళ మనిషి గొంతులోంచి అలాంటి నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాంతి వల్ల కాదు.

పోలమ్మని పిలుద్దామని తిరిగితే, ఆవిడ సముద్రం వైపు చూడటం లేదు. వెనక్కి, రేవు వైపు చూస్తోంది. మడచెట్ల మధ్యలోంచి రేవు ఒక సన్నటి గీతలా ఉంది. అంతే.

"ఏమయ్యా" అంది మెల్లగా. "ఇక్కణ్ణించి గట్టు మీద మనుషులు కనపడరే?"

కోటయ్య స్టీరింగు చక్రం మీంచి తలెత్తలేదు. "కనపడరు."

"మరి నువ్వు వేటకి పోయిన ప్రతిసారీ నేను గట్టు మీద నిలబడి చెయ్యి ఊపతానే ఉంటా గదా, బోటు మొగ దాటిందాకా. కనిపిస్తన్నానా అంటే, 'ఎందుకు కనపడవే, ముక్కుపుడకతో సహా కనపడతావ్' అంటావు!"

కళాసీలిద్దరూ ఒక్కసారిగా పనిలో పడ్డారు, కట్టిన తాడే మళ్ళీ కడుతూ. కోటయ్య మెడ ఎర్రబడింది.

"నువ్వు నిలబడతావని తెలుసు గదే" అన్నాడు. "తెలిస్తే కనపడ్డట్టే."

"ముప్పై ఏళ్ళు!" అని పోలమ్మ భుజం మీది తువాలు తీసి ఆయన వీపు మీద ఒకటి వేసింది. రెండోది వేయబోయి నవ్వేసింది. తర్వాత అదే తువాలుతో కళ్ళు తుడుచుకుంది. "ఎండల్లో నిలబడి నా చెయ్యి పడిపోయేదయ్యా" అంటూ.

అత్త మధ్యలో దూరింది. ఇలాంటి చోట్ల ఊరుకునే మనిషి కాదు. "ఆ గళ్ళచీర కడితే ఎట్టా కనపడతావు? మా కళ్ళంలో కాయలారబోస్తే మైళ్ళ దూరంలో రోడ్డు మీద బస్సోళ్ళకి కనపడతయ్. ఎర్రది కట్టుకో. ఆ ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కి నిలబడు. అప్పుడూ కనపడ్డం లేదంటే కళ్ళ డాక్టరు దగ్గరికి తోలు ఈణ్ణి."

తిరిగి వచ్చాక

సాయంత్రం బావ వ్యాను నిండా ఐసు పెట్టెలు. మా ఒళ్ళో పోలమ్మ ఇచ్చిన ఎండు నెత్తళ్ళ మూట. ఇల్లు చేరేసరికి మా బట్టలు, జుట్టు, ఆఖరికి మా గేదెలు కూడా చేపల వాసనే వేశాయి. సుబ్బులు పిన్ని గోడ దగ్గరే కాపలా ఉంది. "రంగేంది వదినా?" అంటే, "చెప్పేది కాదే. నువ్వే పోయి చూడు, బోటు నేను మాట్లాడతా" అంది అత్త. అప్పట్నించీ మా వీధి ఆడవాళ్ళు నిజాంపట్నం పోవడానికి రోజు చూసుకుంటున్నారు. మీరూ వెళ్తే, అక్కడి ఎండుచేపల్ని మాత్రం ముట్టుకోకండి, మబ్బు పట్టినా సరే.

మొన్న పోలమ్మ ఫోను చేసింది. బోటు వేటకి పోయిందట. వల ఎక్కించారు కాబట్టి ఆవిడ ఎక్కలేదు. ఎర్రచీర కట్టుకుని ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద నిలబడింది. బోటు మొగ దగ్గరికి వెళ్ళేసరికి కోటయ్య ఫోను చేశాడట.

"కనిపిస్తన్నావే" అన్నాడట.

"మళ్ళీ అబద్ధాలా?" అందట ఈవిడ.

"ఎర్రగా ఒక చుక్క. కానీ కదలడం లేదేందే? చెయ్యి ఊపవా?"

"నిజమేనమ్మాయ్" అంది పోలమ్మ నాతో. ఫోనులో కూడా ఆ నవ్వు తెలుస్తోంది. "ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని, అసలు ఊపడమే మర్చిపోయా. ఫోను ఆ మెట్టు మీద పడేసి రెండు చేతులూ ఊపా."